కళ్ల ముందు మెరుపు గీతలు వస్తే చూపు పోతుందా?

ప్రశ్న: నా వయసు 36. ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందే పని. రెండేళ్లుగా నెలకి ఒకటి రెండు సార్లు చూపులో ఏదో తేడా వస్తోంది. మొదట చదువుతున్న పదంలో ఒకటి రెండు అక్షరాలు కనపడవు. కాసేపటికి అక్కడ చిన్న మెరుపు మచ్చ లేస్తుంది. అది రంపపు పళ్ల లాంటి వంకర గీతగా మారి, వణుకుతూ, పెద్దదవుతూ పక్కకి పోతుంది. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకి చూపు మామూలవుతుంది. తర్వాత తలలో ఒక పక్క పోటు, వాంతులు. ఒకసారి కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి పెదవి దాకా పాకింది, మాటలు తడబడ్డాయి. కంటి డాక్టర్ కళ్లు బాగున్నాయన్నారు. అయినా అద్దాలు రెండుసార్లు మార్చాను. న్యూరాలజిస్ట్ స్కాన్ చేయించి, ఇది మైగ్రేన్, భయం లేదన్నారు. ఈమధ్య స్కూటర్ మీద వెళ్తుండగా వచ్చింది. అప్పటి నుంచి బండి తీయడం లేదు. మళ్లీ వస్తుందేమోనన్న భయంతో రోజు విడిచి రోజు తలనొప్పి మాత్ర వేసుకుంటున్నాను. మావారు టెన్షన్ తగ్గించుకో అంటారు. నెలసరి సరిగా రావడానికి వాడే మాత్రలు తప్ప వేరే మందులేవీ లేవు. నాకు చూపు పోతుందా? ఇది పక్షవాతానికి సూచనా? మళ్లీ బండి నడపొచ్చా? మా తొమ్మిదేళ్ల పాపకి కూడా వస్తుందా?

సమాధానం: చూపు పోదండి. ఆ గీతలు వచ్చి వెళ్లినంత మాత్రాన కళ్లు దెబ్బతినవు. ఎన్నిసార్లు వచ్చినా అంతే. అద్దాలు మార్చినా మీకు తేడా కనపడకపోవడానికి కారణం కూడా అదే. గోల జరుగుతున్నది కంట్లో కాదు, తల వెనక భాగంలో, చూపుని చదివే మెదడు పొరలో.

నేను డాక్టర్‌ని కాను. కానీ ఇదే జబ్బుతో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, దీని గురించి దొరికిందల్లా చదివాను. కాబట్టి మీ ఉత్తరంలో మీరు పట్టించుకోకుండా దాటేసిన ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నెలసరి మాత్రల గురించి రాసింది. దాని సంగతి కొంచెం కిందకి వెళ్లాక చెప్తాను, అది మాత్రం చదవకుండా పేజీ మూసేయకండి.

ముందు ఆ గీతల సంగతి. వీటిని డాక్టర్లు ఆరా అంటారు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఇది ఉంటుంది. వాళ్లలో తొంభై శాతానికి పైగా చూపులోనే వస్తుంది. మీరు రాసిన వర్ణన, అక్షరాలు మాయమవడం, మెరుపు మచ్చ, రంపపు పళ్లు, పక్కకి జరగడం, ఇదంతా వైద్య పుస్తకాల్లో ఉన్నదున్నట్టు ఉంటుంది. 1870లో హ్యూబర్ట్ ఎయిరీ అనే ఇంగ్లిష్ వైద్యుడు తనకి కనపడిన గీతల్ని వరుసగా బొమ్మలు గీసి ప్రచురించాడు. కోట బురుజుల గోడలా మలుపులు తిరిగిన వంపు, నిమిషనిమిషానికీ కొంచెం పెద్దదవుతూ చివరికి చూపు అంచు దాటిపోవడం, అన్నీ ఉన్నాయి అందులో. ఆయన తండ్రి జార్జ్ ఎయిరీ బ్రిటన్ రాజ ఖగోళ శాస్త్రవేత్త. ఆయనకీ ఇదే వచ్చేది, ఆయనా దాని గురించి రాశాడు. ఆ బొమ్మలు ఎక్కడైనా దొరికితే చూడండి. మన ఒక్కళ్లకే కనపడుతోందనుకున్నది నూట యాభై ఏళ్ల కిందట ఇంకెవరో గీసి పెట్టారని తెలిస్తే భయం సగం దిగుతుంది. నాకైతే దిగింది.

తర్వాత 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన ఆరా పెరిగే తీరుని కాగితం మీద గుర్తు పెట్టుకుంటూ ఒక లెక్క వేశాడు. మెదడు పొర మీద ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని తేల్చాడు. అదేమిటో ఆయనకి తెలియదు. మూడేళ్లకి, 1944లో, ఆ లెక్కతో ఏ సంబంధమూ లేకుండా అరిస్టైడెస్ లియావో అనే బ్రెజిల్ శాస్త్రవేత్త కుందేళ్ల మెదడులో ఒక వింత చూశాడు. ఆయన మూర్ఛ గురించి పరిశోధిస్తున్నాడు. మెదడు పొరని ఒక చోట కదిపితే అక్కడి కణాలు ఒక్కసారి చెలరేగి, వెంటనే చల్లబడిపోయి, ఆ చల్లబడటం తడి గుడ్డ మీద సిరా మరకలా పక్కకి పాకుతూ పోయింది. వేగం నిమిషానికి కొన్ని మిల్లీమీటర్లు. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా కుదిరాయి. 2001లో నూషీన్ హాజికానీ బృందం ఆరా నడుస్తుండగానే మనుషుల మెదడుని, అది పని చేసే తీరుని చూపించే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్‌లో చూస్తే, దాదాపు అదే వేగంతో మార్పు పాకుతూ కనపడింది.

ఇంత చరిత్ర ఎందుకంటారా? మీ ఇరవై నిమిషాల లెక్క ఇందులోనే ఉంది. ఆ అల మెదడు పొర మీద సాగడానికి పట్టే కాలమే అది. చెలరేగిన అంచు మీకు మెరుపు గీతలా కనపడుతుంది, దాని వెనక చల్లబడిన చోట అక్షరాలు మాయమవుతాయి. అల దాటిపోయాక కణాలు మళ్లీ మామూలుగా పని చేస్తాయి. ఒక్కోసారి ఆ అల చూపు ప్రాంతం దాటి ముందుకి, స్పర్శని గుర్తించే చోటుకి పాకుతుంది. వేళ్ల నుంచి చెయ్యి, చెయ్యి నుంచి పెదవి, నాలుక. మీకు తిమ్మిరి వచ్చింది కుడి చేతిలో కాబట్టి అల నడిచింది ఎడమ మెదడులో. చాలామందిలో మాటల కేంద్రం ఎడమ పక్కే ఉంటుంది. అందుకే మాట తడబడింది. మీరు హడలిపోయిన ఆ రోజు కూడా ఇదే అల ఇంకాస్త దూరం వెళ్లింది, అంతే.

ఈసారి వచ్చినప్పుడు ఒక పని చేయండి. ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది. ఏ కన్ను మూసినా గీత అదే పక్క కనపడుతుంటే అది మెదడు నుంచి వస్తున్నదే. చాలామంది కుడి పక్క గీత కనపడితే కుడి కన్నుకి ఏదో అయిందనుకుంటారు. చూపులో కుడి సగం రెండు కళ్ల నుంచీ ఎడమ మెదడుకి వెళ్తుంది కనుక అలా అనిపిస్తుంది. ఒక కంట్లో మాత్రమే కనపడుతుంటే మాత్రం కథ వేరు, అది కూడా చెప్తాను.

ఇప్పుడు ఆ మాత్రలు.

నెలసరి కోసం రాసే మాత్రలు తరచూ గర్భనిరోధక మాత్రలే అయి ఉంటాయి. వాటిలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టోజన్ అనే హార్మోన్లు రెండూ కలిసి ఉండేవి ఎక్కువ. అట్ట మీద ఇథినైల్ ఎస్ట్రాడయాల్ అనో, ఎస్ట్రాడయాల్ అనో ఉందేమో చూడండి. ఉంటే, ఈ వారంలోనే ఆ మాత్రలు రాసిన డాక్టర్‌ని కలిసి, నాకు ఆరాతో మైగ్రేన్ ఉంది అని ఈ మాటలతోనే చెప్పండి. తలనొప్పి ఉంది అంటే సరిపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భనిరోధక సాధనాలకి ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆరా ఉన్నవాళ్లకి ఈస్ట్రోజన్ కలిసిన మాత్రలు నాలుగో వర్గంలో ఉన్నాయి. అంటే వాడకూడదని. కారణం పక్షవాతం ముప్పు.

ఇక్కడ మిమ్మల్ని బెదరగొట్టడం నా ఉద్దేశం కాదు కాబట్టి అంకెలు చెప్తాను. 2017లో ఐరోపా తలనొప్పి నిపుణులూ గర్భనిరోధక నిపుణులూ కలిసి ఒక అంచనా ప్రచురించారు. 20 నుంచి 44 ఏళ్ల ఆడవాళ్లలో మైగ్రేనూ లేక, ఈ మాత్రలూ వాడనివాళ్లకి రక్తం గడ్డ కట్టి వచ్చే పక్షవాతం ఏటా లక్షకి రెండు మూడు. ఆరా ఉండి మాత్రలు వాడనివాళ్లకి దాదాపు 6. ఆరా ఉండీ ఈస్ట్రోజన్ మాత్రలూ వాడేవాళ్లకి దాదాపు 37. అంటే మీకు పక్షవాతం వచ్చేస్తుందని కాదు. లక్షలో 37 కూడా చిన్న అంకే. కానీ ఒక మాత్ర మారిస్తే తగ్గే ముప్పుని నెత్తిన పెట్టుకుని తిరగడం ఎందుకు? పొగ తాగే అలవాటు ఉంటే, బీపీ ఎక్కువ ఉంటే ఇది ఇంకా పెరుగుతుంది. ప్రొజెస్టోజన్ ఒక్కటే ఉన్న మాత్రలు, కాపర్ టీ లాంటివి ఆరా ఉన్నవాళ్లు వాడొచ్చు. నెలసరి సరిగా రాకపోవడానికి అసలు కారణమేంటో కూడా ఈ వంకతో తేల్చుకోండి. మీ న్యూరాలజిస్ట్ మీరు వాడే మందుల గురించి అడిగారో లేదో, అడిగినా ఇవి మందుల లెక్కలోకి రావని మీరు చెప్పలేదో నాకు తెలియదు. చాలామంది చెప్పరు. నెలసరి మాత్రలు మందులే అన్న సంగతి మనకి తట్టదు.

పక్షవాతానికి ఇది సూచనా అన్న మీ ప్రశ్నకి సగం జవాబు అయిపోయింది. మిగతా సగం ఇది: మీ ఆరా ఎలా ఉంటుందో మీకు ఎంత బాగా తెలిస్తే, అది కానిది వచ్చినప్పుడు అంత త్వరగా పోల్చుకుంటారు. నా మట్టుకు ఈ జబ్బుతో బతకడంలో అసలు పని ఇదే. మిగతావన్నీ దాని తర్వాతే. ఎక్కడ మొదలవుతుంది, ఏ పక్కకి పోతుంది, ఎంతసేపు ఉంటుంది, తర్వాత ఏం జరుగుతుంది అన్నది ప్రతిసారీ తారీఖుతో సహా రాసుకోండి. గడియారం చూడండి, మన అంచనా మీద వదలకండి. భయంలో అయిదు నిమిషాలు గంటలా ఉంటుంది. వీలైతే గీత బొమ్మ కూడా గీయండి, ఎంత వంకరగా వచ్చినా ఫరవాలేదు. డాక్టర్‌కి వంద మాటలకన్నా ఆ బొమ్మే ఎక్కువ చెప్తుంది.

ఆరా మెల్లగా వస్తుంది. కొన్ని నిమిషాల్లో పెరుగుతుంది, ఒక్కో లక్షణం అయిదు నిమిషాల నుంచి గంట లోపల సర్దుకుంటుంది. చూపు తర్వాత తిమ్మిరి, తిమ్మిరి తర్వాత మాట, ఇలా ఒకదాని వెనక ఒకటి రావొచ్చు. లేని వెలుగులు, గీతలు కనపడతాయి. పక్షవాతం, దాని ముందు వచ్చే తాత్కాలిక దాడి ఇలా ఉండవు. ఒక్కసారిగా, స్విచ్ ఆపేసినట్టు వస్తాయి. వెలుగులు కనపడటం కన్నా ఉన్నది పోవడమే ఎక్కువ. సగం చూపు చీకటవుతుంది, చెయ్యి లేవదు, మూతి ఒక పక్కకి వాలుతుంది. తిమ్మిరి వేరు, బలం పోవడం వేరు. చెయ్యో కాలో నిజంగా చచ్చుబడితే మైగ్రేనే అయి ఉంటుందిలే అని ఇంట్లో పడుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆరా గంట దాటినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్క క్షణంలో పిడుగు పడినట్టు వచ్చినా, జ్వరంతో పాటు మెడ బిగుసుకున్నా, స్పృహ తప్పినా అంతే. ఒక కంటికే తెర దించినట్టు చీకటి వస్తే, లేదా ఒక కంట్లో మెరుపులతో పాటు నల్ల చుక్కలు గుంపుగా తేలుతుంటే అది కంటి వెనక పొర, రెటీనా, ఊడుతున్న సూచన కావొచ్చు. అప్పుడు ఆ రోజే కంటి డాక్టర్ దగ్గరికి. యాభై దాటాక జీవితంలో మొదటిసారి ఇలాంటివి కనపడినవాళ్లు కూడా పరీక్ష చేయించుకోకుండా మైగ్రేన్ అనుకోకూడదు. ఇది మీకోసం కాదు, ఇది చదివే మీ పెద్దవాళ్లకి.

మీ విషయంలో ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, స్కాన్ బాగుంది. మీ న్యూరాలజిస్ట్ చెప్పింది సరైనదే. చెప్పిన తీరు సరిపోలేదంతే. భయం లేదు అన్న రెండు మాటలతో పంపిస్తే ఎవరికైనా భయమే మిగులుతుంది.

రోజు విడిచి రోజు మాత్ర సంగతికి వస్తే, అది ఆపాలి. తలనొప్పి మాత్రలు రాబోయే మైగ్రేన్‌ని ఆపలేవు, పైగా అవే తలనొప్పి తెస్తాయి. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, అంతకు పైన, రెండు మూడు మందులు కలిసిన మాత్రలు, మైగ్రేన్ కోసమే రాసే ట్రిప్టాన్లు, ఎర్గోటమైన్ లాంటివి నెలలో 10 రోజులు, అంతకు పైన, మూడు నెలలు దాటి వాడితే మందుల వల్లే వచ్చే తలనొప్పి మొదలవ్వొచ్చు. మీరు సరిగ్గా ఆ హద్దు మీద నిలబడి ఉన్నారు. మీ మాత్రలో ఏముందో చూడండి. కెఫీన్ కలిసిన మిశ్రమాలైతే ఇప్పటికే హద్దు దాటినట్టే. ఆపిన మొదట్లో కొన్నాళ్లు తలనొప్పి పెరగొచ్చు, అందుకని డాక్టర్‌కి చెప్పి ఆపండి.

మాత్ర వేయాల్సింది దాడి మొదలైనప్పుడు, సరిపడా మోతాదులో. మామూలు నొప్పి మాత్రని గీతలు కనపడగానే వేసుకోవచ్చు. నొప్పి బాగా ముదిరాక వేస్తే పని చేయదు, ఎందుకంటే మైగ్రేన్ సమయంలో కడుపు మందగిస్తుంది, మాత్ర అక్కడే కూర్చుంటుంది. వాంతులు ఉన్నాయి కాబట్టి వికారం తగ్గించే మందు కూడా తోడు కావాలేమో అడగండి, అది కడుపుని కదిలించి మాత్రకి దారి ఇస్తుంది. సుమాట్రిప్టాన్, రిజాట్రిప్టాన్ లాంటివి రాసిస్తే వాటిని గీతలు నడుస్తుండగా కాక, నొప్పి మొదలవగానే వేసుకోవాలి. ఆరా మీద అవి పని చేయవు. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఇదివరకు పక్షవాతం ఉన్నవాళ్లకి ట్రిప్టాన్లు పనికిరావు. ఆరా వస్తుండగా దాన్ని మధ్యలో ఆపేసే మందు ఏదీ నమ్మకంగా లేదు, కాబట్టి ఆ ఇరవై నిమిషాలు దాని దారిన దాన్ని పోనివ్వడమే.

ఆ ఇరవై నిమిషాలు నేనైతే కళ్లు మూసుకుని వెనక్కి వాలి కూర్చుంటాను. మూసిన కళ్ల వెనక కూడా గీత కనపడుతూనే ఉంటుంది, కంగారు పడకండి. తెర వైపు చూస్తూ పని పూర్తి చేద్దామని గింజుకోకండి. ఆ స్థితిలో పంపిన మెయిల్స్ మర్నాడు చదివితే సిగ్గేస్తుంది.

నెలకి నాలుగు రోజులకు పైగా పోతుంటే, లేదా తక్కువసార్లే వచ్చినా బతుకుని ఇంత కుంగదీస్తుంటే, రాకుండా ఆపే మందుల గురించి అడగొచ్చు. ప్రొప్రనలాల్, ఎమిట్రిప్టిలిన్, టోపిరమేట్, క్యాండిసార్టన్, ఫ్లూనరిజిన్ ఇవన్నీ ఆ కోవలోవి. ఒక్కోదానికి ఒక్కో తంటా ఉంది. ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ కూడదు, గర్భం వచ్చే అవకాశం ఉంటే టోపిరమేట్ విషయంలో జాగ్రత్త, ఫ్లూనరిజిన్‌తో బరువు పెరిగి మనసు దిగాలుపడొచ్చు. ఏదైనా రెండు మూడు నెలలు వాడితే గానీ పని చేస్తోందో లేదో తెలియదు. రెండు వారాలకే లాభం లేదని మానేసేవాళ్లే ఎక్కువ. మైగ్రేన్ నొప్పిలో పాత్ర ఉన్న సీజీఆర్పీ అనే పదార్థాన్ని అడ్డుకునే కొత్త మందులు కూడా ఉన్నాయి, అవి ఇంజెక్షన్లుగానూ మాత్రలుగానూ దొరుకుతాయి. మీ పరిస్థితికి ముందు మాత్రల గొడవ తేలాక, ఒకటి రెండు నెలలు చూసి అప్పుడు ఆలోచించొచ్చు. ఈస్ట్రోజన్ ఆపాక ఆరాలు తగ్గినవాళ్లు ఉన్నారు.

దేని వల్ల వస్తోందో కనిపెట్టాలని మీకు ఇప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. నేను దాని మీద అంత పట్టు పట్టను. నిద్ర ఒక రోజు తక్కువై ఒక రోజు ఎక్కువవడం, భోజనం వేళ తప్పడం, నీళ్లు తాగకపోవడం, నెలసరి ముందు రోజులు, మిణుకుమిణుకుమనే లైట్లు, పని ఒత్తిడి అంతా దిగిపోయిన సెలవు రోజు పొద్దున్న, ఇవి చాలామందికి కుదిరే కారణాలు. వీటిలో మన చేతిలో ఉన్నది నిద్ర, తిండి వేళలు. సెలవు రోజు కూడా అదే వేళకి లేవండి. అంతకు మించి ప్రతి తిండి పదార్థాన్నీ అనుమానించుకుంటూ పోతే చివరికి తినడానికి ఏమీ మిగలదు. ఇంకో తిరకాసు కూడా ఉంది. దాడికి కొన్ని గంటల ముందు, కొందరికి ఒక రోజు ముందే, మెదడులో మార్పు మొదలవుతుంది. ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు, తీపి తినాలనిపించడం అప్పుడే వస్తాయి. చాక్లెట్ తిన్నాను కాబట్టి వచ్చింది అనుకుంటాం. వస్తోంది కాబట్టి చాక్లెట్ తినాలనిపించి ఉండొచ్చు. మీకు ముందస్తుగా వచ్చేది ఆవలింతలా, మెడ నొప్పా అన్నది ఆ డైరీలో ఒకటి రెండు నెలల్లో తేలిపోతుంది. కారణాల వేట కన్నా ఇది పనికొస్తుంది, ఎందుకంటే ఆ రోజు బండి తీయాలా వద్దా అన్నది ముందే నిర్ణయించుకోవచ్చు.

వెలుతురు భరించలేక ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకునే అలవాటు ఉంటే మానండి. కళ్లు చీకటికి అలవాటుపడి మామూలు వెలుతురు ఇంకా గుచ్చుతుంది. ఎండలోకి వెళ్లినప్పుడు చాలు. తెర వెలుగు గది వెలుగుతో సమానంగా ఉంచుకోండి. లేత గులాబీ ఛాయ ఉన్న ఎఫ్ఎల్-41 అద్దాలు కొందరికి హాయిగా ఉంటాయి, ప్రయత్నిస్తే నష్టం లేదు. అంతే గానీ పవర్ మార్చుకుంటూ పోవడం దండగ.

మావారు టెన్షన్ తగ్గించుకో అంటారు అని రాశారు. టెన్షన్ మైగ్రేన్‌ని రెచ్చగొట్టగలదు గానీ, టెన్షన్ వల్ల పుట్టిన జబ్బు కాదిది. పుట్టుకతో వచ్చిన మెదడు తీరు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. నొప్పి అయితే మొహంలో కనపడుతుంది. గీతలు ఎదుటివాళ్లకి కనపడవు. ఎయిరీ బొమ్మలు ఆయనకి చూపించండి, నేను చూస్తున్నది ఇదీ అని చెప్పండి. సలహా మానేసి ఏం చేయాలో కూడా చెప్పండి. లైట్ ఆర్పడం, పాపని పక్కగదిలోకి తీసుకెళ్లడం, మాట తడబడితే గడియారం చూసి ఎంతసేపైందో గుర్తుపెట్టుకోవడం. చేయడానికి పని ఇస్తే మగవాళ్లు సలహాలు తగ్గిస్తారు. ఆఫీసులో కూడా పక్క సీటులో ఒక్కరికైనా చెప్పి ఉంచండి.

మీరు రాయకపోయినా ఉత్తరం నిండా ఉన్నది మాత్రం ఆ కాపలా. పొద్దున లేవగానే మూలమూలలా చూసుకోవడం, ట్యూబ్‌లైట్ చూశాక కళ్లలో మిగిలే మరకని చూసి గుండె దడదడలాడటం, చదివేటప్పుడు ఒక అక్షరం మసకేస్తే వేలు పెట్టి పరీక్షించడం. ఇది ఆరా ఉన్న దాదాపు అందరం చేస్తాం. నెలకి రెండుసార్లు ఇరవై నిమిషాలు దాడి పట్టుకుపోతే, కాపలా మిగతా నెలంతా పట్టుకుపోతుంది. అనుమానం వచ్చినప్పుడు పదేపదే పరీక్షించుకోకండి. ఒక్కసారి గడియారం చూసి, చేస్తున్న పని చేసుకోండి. నిజమైన ఆరా అయితే అయిదు నిమిషాల్లో పెరిగి తనే చెప్తుంది. వెలుగు మరకైతే ఆ లోపు మాసిపోతుంది. ఇలా కొన్నాళ్లు చేసినా భయం అణగకపోతే కౌన్సెలర్‌ని కలవడానికి మొహమాటపడకండి. ఆందోళనకి చికిత్స చేయించుకోవడమంటే జబ్బు ఊహ అని ఒప్పుకోవడం కాదు.

బండి నడపొచ్చు. ఒక్క షరతు మీద: గీత మొదలైందని తెలిసిన క్షణం ఇంకో మలుపు దాకా పోదామనుకోకుండా పక్కకి ఆపాలి. ఆరా మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఆపడానికి వ్యవధి ఉంటుంది. చూపు పూర్తిగా తేరుకునేదాకా కదలకండి. తర్వాత తలనొప్పి, మైకం తోసుకొస్తాయి గనుక వీలైతే ఎవరినైనా పిలిపించుకోండి. ముందస్తు ఆవలింతలు, మెడ పట్టు ఉన్న రోజున, నిద్ర లేని రోజున బండి తీయకండి. మొదట మీకు బాగా తెలిసిన, పక్కకి ఆపుకోవడానికి చోటున్న దారిలో, తక్కువ దూరం వెళ్లి రండి. భారీ వాహనాలో, యంత్రాలో నడిపే ఉద్యోగమైతే నేను ఈ మాట ఇంత తేలిగ్గా చెప్పేదాన్ని కాదు, అది డాక్టర్ రాతపూర్వకంగా తేల్చాల్సిన విషయం.

ఇక పాప. మైగ్రేన్ కుటుంబాల్లో నడుస్తుంది, అలాగని తప్పకుండా రావాలని లేదు. పిల్లల్లో అది ఒక్కోసారి తలనొప్పిగా కాక, కారణం తెలియని కడుపునొప్పిగా, వాంతులుగా వచ్చి పోతుంది. పాపకి అలా పదేపదే వస్తుంటే పిల్లల డాక్టర్‌తో మీ మైగ్రేన్ సంగతి కూడా చెప్పండి. లేకపోతే ఇప్పుడే దాన్ని వెతకొద్దు, నీకేమైనా కనపడుతోందా అని రోజూ అడగొద్దు. మీరు కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు అమ్మకి ఏదో అయిపోతోందని అది బెంబేలెత్తుతూ ఉండొచ్చు. కాబట్టి మామూలుగా ఉన్న రోజున కూర్చోబెట్టి, అమ్మకి కాసేపు కళ్ల ముందు గీతలు వస్తాయి, ఇరవై నిమిషాల్లో పోతాయి, తర్వాత తలనొప్పి వచ్చి పడుకుంటుంది, మర్నాడు బాగుంటుంది అని చెప్పండి. గీతలు ఎలా ఉంటాయని అడిగితే కాగితం మీద గీసి చూపించండి. తొమ్మిదేళ్ల పిల్ల కచ్చితంగా అడుగుతుంది.